కెప్టెన్ నెమో: ఊరు పేరు లేని వీరుని చరిత్ర

వేర్వేరు కథలలో పుట్టిన వీరులను ఒక్కచోట కూర్చి మరియొక కథ నడుపుట నేటి విద్య కాదు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో అపోలోనియస్ అను గ్రీకు కవి, హెరాక్లీసును, ఆర్ఫియసును, ఇంకను పలువురు వీరులను జేసను నాయకత్వమున ఒక్క ఓడ ఎక్కించినాడు. దారికడ్డముగా పడియున్న హనుమంతుని తోకను భీముడు కదల్చలేకపోయిన అరణ్యపర్వ ఘట్టము తెలుగువా రెరిగినదే. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గయోపాఖ్యానము ఇంకొక అడుగు ముందుకు వేసి, వ్యాసుడు తలపని యుద్ధమును కృష్ణార్జునుల నడుమ పెట్టినది. మిత్రులు శత్రువులైనపుడు ఎవరి మాట ఎంత బరువైనదో తేలుట ఆ నాటకములోని రసము.

2003 జూలైలో విడుదలైన ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్మెన్’ అను హాలీవుడ్ సాహస చిత్రము దీనికి తలక్రిందులైన పని చేసినది. శత్రువులను మిత్రులను చేసినది. కథాకాలము 1899. ఐరోపా రాజ్యముల మధ్య యుద్ధము రగిల్చి ఆయుధము లమ్ముకొనజూచు దుర్మార్గుని అణచుటకై బ్రిటిషు ప్రభుత్వము పేరిట ఒక కూటమి ఏర్పడినది. రైడర్ హాగర్డు 1885 నాటి నవలలోని వేటగాడు అలన్ క్వాటర్‌మెయిన్ దానికి నాయకుడు. బ్రామ్ స్టోకరు ‘డ్రాక్యులా’లోని మీనా, స్టీవెన్సను సృష్టించిన డాక్టర్ జెకిల్, ఆస్కార్ వైల్డు డోరియన్ గ్రే అందులో సభ్యులు. వెల్సు అదృశ్యమానవునిపై హక్కులు లభింపనందున, అతని మందును దొంగిలించిన వేరొక అదృశ్యుని కల్పించినారు. మార్క్ ట్వేను టామ్ సాయర్ సైతము పెరిగి పెద్దవాడై అమెరికా గూఢచారిగా వచ్చి చేరినాడు. అమెరికా ప్రేక్షకులకు తమవాడొకడు కనుపింపవలెనన్న కోరిక తప్ప దీనికి వేరు కారణము కానరాదు. చిత్రమునకు మూలము అలన్ మూర్ రచించి కెవిన్ ఓనీల్ చిత్రించగా 1999లో వెలువడనారంభించిన బొమ్మల కథ. అందులో కూటమికి పెద్ద మీనా. చిత్రములో ఆ పెద్దరికము షాన్ కానరీ ధరించిన క్వాటర్‌మెయిన్‌కు పోయినది. వెనిస్ నగరపు కాలువలలో పెను జలాంతర్గామి దూసుకొనిపోవుట వంటి వింతలను లెక్కింప పనిలేదు. ఆ జలాంతర్గామి యజమాని సంగతియే ఆలోచింపదగినది. అతడు కెప్టెన్ నెమో, భారతీయుడు, ఆంగ్లేయులపై పగతో భూమినే విడిచిన మనిషి. అట్టివాడు ఆంగ్లేయుల కొలువులో కూర్చుండుటకు ముందు అతని పేరు, జాతి, మాట ఎన్నిమారులు మారినవో చూచిన, ఇది ఒక్క చిత్రము చేసిన పని కాదని తెలియును.

జూల్ వెర్న్ ఫ్రెంచి నవల ‘సముద్రగర్భమున ఇరువదివేల లీగులు’ 1869-70లో పత్రికలో ధారావాహికగా వెలువడినది. నెమో అనగా లాటినులో ‘ఎవడును కాడు’ అని అర్థము. ఒంటికంటి రాక్షసునికి యులిసిస్ చెప్పిన పేరు వంటిదే. వెర్న్ మొదట అతనిని పోలండు ప్రభువుగా తలపోసినాడు. 1863లో రష్యాపై పోలులు చేసిన తిరుగుబాటులో కుటుంబమును పోగొట్టుకొన్నవాడన్నమాట. ప్రకాశకుడు హెట్జెల్ అందుకు ఒప్పుకొనలేదు. రష్యాలో తన పుస్తకములు చెల్లవేమోనన్న భయ మొకటి. బానిస వ్యాపారులకు శత్రువుగా మార్చుమని అతడు సూచింపగా వెర్న్ నిరాకరించినాడు. చివరకు ఏ దేశమును పేర్కొనకుండ విడుచుట జరిగినది. అయినను పగ దాగలేదు. నెమో గదిలో కోస్యూస్కో, ఓకానెల్, లింకన్, జాన్ బ్రౌనుల చిత్తరువులు వ్రేలాడుచుండును. సింహళ సముద్రములో ఒక పేద ముత్యపు గజ ఈతగానిని సొరచేప నోటినుండి కాపాడి, ముత్యముల సంచి ఇచ్చి, తానును అణగద్రొక్కబడిన వారి దేశమువాడనే అని అతడు తెలిపినాడు.

ఆ దేశము పేరు 1874-75లో ‘నిగూఢ ద్వీపము’ అను నవలలో బయటపడినది. నెమో అసలు పేరు డక్కర్ రాకుమారుడు. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు. టిప్పు సుల్తానునకు బంధువు. పదవయేట ఐరోపాకు పోయి శాస్త్రములు, కళలు అభ్యసించినాడు. 1857లో సిపాయిలతో చేరి, ఇరువది పోరాటములలో పది గాయములు పొంది, ఆలుబిడ్డలను పోగొట్టుకొని, తలకు వెల కట్టబడి సముద్రము చొచ్చినాడు. బుందేలా రాజుల యింటికి మైసూరు సుల్తానుతో చుట్టరికమేమని చరిత్రకారుడు నవ్వవచ్చును. వెర్న్ భారతదేశమును చూచినవాడు కాడు. ఆంగ్లేయులను గడగడలాడించిన రెండు పేర్లను, శ్రీరంగపట్టణమును, ఝాన్సీ పరిసరమును, ఒక్క శరీరములో కలిపినాడు. అది వంశవృక్షముగా తప్పు, భావముగా ఒప్పు.

ఈ నవలయు వీరుల కలయికయే అన్నది గమనింపదగినది. వెర్న్ తన మునుపటి రెండు నవలల పాత్రలను ఇందు చేర్చినాడు. కాని కలయిక కొరకు పగను తుడిచివేయలేదు. అవసానకాలమున నెమో తన కథ చెప్పుకొనును. అమెరికను ఇంజనీరు సైరస్ స్మిత్ దానిని విని, అతడు గతమును నిలుపజూచినాడని మెత్తగా తప్పుపట్టును. తీర్పుతో ఏకీభవింపనక్కరలేదు, అభియోగము, సమాధానము రెండును పుటలో ఉన్నవి. చేతివ్రాతలో స్వాతంత్ర్యమును స్మరించుచు మరణించిన నెమో, హెట్జెల్ చేతిదిద్దుబాటు వలన అచ్చులో దైవమును, స్వదేశమును స్మరించినాడు.

ఆంగ్లానువాదములో జరిగినది ఇంతకంటె ఘనమైనది. 1875లో కింగ్‌స్టను పేరిట వెలువడిన అనువాదములో డక్కర్ చరిత్ర చెప్పు పుటలు మారిపోయినవి. అరాచకములోనున్న దేశమునకు ఆంగ్లేయులు శాంతిని, సంపదను ప్రసాదించినారట. స్వార్థపరులైన రాజులు ప్రజలను రెచ్చగొట్టినారట. ఫ్రెంచి మూలములో ఆంగ్ల పాలనపై నున్న నేరారోపణ ఆంగ్లములో ఆ పాలనకు ప్రశంసాపత్రమైనది. అనువాదకుడు మాట విడుచుట లోపము. ఎదుటివాని నోట తన మాట పెట్టుట వేరు సంగతి. ఆ అనువాదము మారుముద్రణలు పొందుచునే ఉన్నది. ఆంగ్లము మూలముగా వెర్న్‌ను భారతీయ భాషలలోనికి తెచ్చువారు ఏ ప్రతిని ఎదుట పెట్టుకొన్నారో ముందు చూచుకొనవలసియున్నది.

చలనచిత్రములు మరియొక దారి త్రొక్కినవి. 1916 నాటి మూకీ చిత్రము నెమోను భారతీయ రాకుమారునిగానే చూపినది, వేషధారి తెల్లవాడైనను. 1954లో డిస్నీ చిత్రములో జేమ్స్ మేసన్ ధరించిన నెమోకు భారతదేశముతో ఏ సంబంధమును మిగులలేదు. 1961లో హెర్బర్ట్ లోమ్ నెమోయు అట్టివాడే.

కనుక 2003లో నసీరుద్దీన్ షా తలపాగాతో, గడ్డముతో నాటిలస్ పైకి వచ్చినపుడు ఒక అప్పు తీరినట్లు భారతీయ ప్రేక్షకుడు సంతోషించుట సహజము. నటునిలో లోపము లేదు. నిండైన గాంభీర్యముతో నిలిచినాడు. ఇచ్చిన పాత్రయే కురచది. పన్నెండువేల గ్రంథముల పుస్తకశాలకు అధిపతి, మహామేధావి యైనవాడు ఇందు ఖడ్గము త్రిప్పుచు, కాళికను కొలుచుచు కనుపించును. ఆ పూజను చూచి సహచరులే అతనిని శంకింతురు. ఆంగ్లేయ వేటగానికి, బుందేల్‌ఖండ్ విప్లవకారునికి నడుమ ఒక్క పూట జరుగవలసిన వాదము జరుగలేదు. ముఖము తిరిగి వచ్చినది గాని మాట తిరిగి రాలేదు.

అది అసాధ్యమేమీ కాదని మూలమైన బొమ్మల కథయే నిరూపించినది. 2002-03లో వెలువడిన దాని రెండవ సంపుటములో అంగారక గ్రహవాసులను చంపుటకై బ్రిటిషు ప్రభుత్వము రోగక్రిములను లండనుపై ప్రయోగించును. తన ప్రజల చావునకు వెరవదు. ఆ సంగతి తెలిసిన నెమో అసహ్యించుకొని, ఇక తన్ను పిలువవలదని చెప్పి నాటిలస్‌తో వెడలిపోవును. కొలువులో చేరిన తిరుగుబాటుదారు మరల తిరుగబడుటకు అక్కడ చోటున్నది.

చిత్రము చివర క్వాటర్‌మెయిన్‌ను ఆఫ్రికాలో పూడ్చిపెట్టిన పిమ్మట, క్రొత్త శతాబ్దమును చూతమని నెమో మిగిలినవారిని తన నౌకకు ఆహ్వానించును. వెర్న్ లెక్క ప్రకారము ఆనాటికి డక్కర్ రాకుమారుడు నాటిలస్‌తో కూడ పసిఫిక్ అడుగున చేరి ముప్పదియేండ్లు దాటినది.