నరకము, రక్షణ: కడప, కర్నూలు సీమలలో రెండు మాటల చరిత్ర

ఒక మతము క్రొత్త దేశమునకు వచ్చినప్పుడు అది ఆ దేశపు భాషలోనే మాటలాడవలసి ఉండును. క్రొత్త భావమునకు క్రొత్త మాటను పుట్టించినచో వినువారికి బోధపడదు. పాత మాటనే వాడినచో వినువారు పాత అర్థమునే గ్రహింతురు. క్రైస్తవ మతము తెలుగునాట అడుగుపెట్టినప్పుడు దానికి ఈ చిక్కే ఎదురైనది. మరణానంతర గతిని గూర్చిన నరకము, రక్షణ అను రెండు మాటలను తీసికొని, కడప, కర్నూలు సీమలలో వాటి చరిత్ర ఎట్లు నడిచినదో ఈ ప్రసంగములో పరిశీలింతము.

నరకమను మాట మనకు క్రొత్తది కాదు. మనుస్మృతి ఇరువదియొక్క నరకములను పేర్కొన్నది; భాగవతము పంచమ స్కంధము ఇరువదియెనిమిదింటిని వర్ణించినది. యముడు, చిత్రగుప్తుడు, పాపపుణ్యముల లెక్క చదువురాని పల్లెవాసికి కూడ తెలిసినవే. కాని ఆ నరకము శాశ్వతము కాదు. పాపఫలము తీరిన పిదప జీవుడు మరల పుట్టును. అది చెరసాల వంటిది. శిక్షాకాలము ముగిసిన తరువాత తలుపు తెరచుకొనును. క్రైస్తవ బోధకుడు చెప్పిన నరకము అట్టిది కాదు. ఉన్నది ఒకే జన్మ, ఒకే తీర్పు. ఆ తీర్పు తరువాత నిత్యజీవము, కాదేని నిత్యశిక్ష.

అయినను ఈ భావము మన సీమకు పూర్తిగా పరాయిదని చెప్పరాదు. కర్నూలు మండలమున తుంగభద్రా తీరమందలి మంత్రాలయములో శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశము చేసినారు. వారు అనుసరించిన మధ్వ సిద్ధాంతము కొందరు జీవులు ఎన్నటికిని తిరిగిరాని అంధతమస్సున పడుదురని చెప్పుచున్నది. కడప, కర్నూలు నవాబుల కాలమునాటికే కియామత్ అనగా అంతిమ తీర్పు దినమును గూర్చిన మాట ముస్లిముల ఇండ్లలో నిత్యము వినవచ్చెడిది. బనగానపల్లె ప్రాంతమునను కందిమల్లాయపల్లెలోను నివసించిన పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము, యుగాంతమున వీరభోగ వసంతరాయలు వచ్చి దుష్టులను శిక్షించునని చెప్పుచున్నది. ఆయన శిష్యులలో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఉండుట సంప్రదాయ ప్రసిద్ధము. కనుక ప్రపంచమునకు ఒక తీర్పు రానున్నదను భావమునకు ఈ నేలపై శ్రోతలు ముందే ఉన్నారు.

రాయలసీమకు తొలి కాలమున వచ్చిన క్రైస్తవ బోధకులలో ఫ్రెంచి జెసూట్ గురువులు ఉన్నారు. పదునెనిమిదవ శతాబ్ది తొలి దశకములలో వారు పుదుచ్చేరి నుండి బయలుదేరి, సన్న్యాసి వేషము ధరించి, పుంగనూరు, కృష్ణాపురము వంటి తావులలో మఠములు నెలకొల్పినారు. వారి బోధ తెలుగు గ్రంథములుగా వెలసినది. ఆ శతాబ్దిలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ప్రబంధముగా వ్రాసి దానికి వేదాంత రసాయనమని పేరిడినాడు. ఆ పేరే వారి పద్ధతిని తెలుపుచున్నది. కడపలో 1820లో ఉద్యోగమున ప్రవేశించిన సి. పి. బ్రౌను తరువాతి కాలమున ఈ కతోలిక గ్రంథములను గూర్చి 1840లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో వ్యాసము ప్రకటించినాడు.

కతోలికుల బోధలో నరకమునకును పరలోకమునకును నడుమ మరియొక తావు కలదు. దానిని తెలుగున ఉత్తరించు స్థలమందురు. చిన్న దోషములతో మరణించిన ఆత్మలు అచ్చట శుద్ధి పొందును. బ్రతికియున్నవారి ప్రార్థన వారికి తోడ్పడును. తద్దినము పెట్టి పితరులకు పిండోదకములు అర్పించు అలవాటు గల సమాజమునకు ఈ భావము దగ్గరగా తోచుటలో వింత లేదు.

పందొమ్మిదవ శతాబ్దిలో వచ్చిన ప్రొటెస్టెంటులు ఆ మధ్య తావును అంగీకరింపలేదు. లండన్ మిషనరీ సంఘము 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను పని ప్రారంభించినది. కడపలో తొలి మిషనరీ విలియం హోవెల్. ఆ శతాబ్ది మధ్యకాలమున ఎస్. పి. జి. అను ఆంగ్లికను సంఘము కర్నూలు మండలములోని ముత్యాలపాడు, కడప మండలములోని కలసపాడు కేంద్రములుగా పనిచేసినది. 1870ల దశకమున అమెరికను బాప్టిస్టులు కర్నూలు పట్టణమునకు వచ్చినారు. వీరి చేతిలో తెలుగు బైబిలు ఉన్నది.

ఆ బైబిలులో మాటల పంపిణీ గమనింపదగినది. మూలములో గెహెన్నా అను పదమునకు నరకమనియు, మృతుల లోకమను అర్థము గల హేడిస్ అను పదమునకు పాతాళమనియు పెట్టినారు. గెహెన్నా యెరూషలేము వెలుపలి హిన్నోము లోయ పేరు నుండి వచ్చినది. ఇక పాతాళమో, మన పురాణములలో అది శిక్షాస్థలము కాదు. నాగులు వసించు లోకము. బలి చక్రవర్తి ఏలుచున్నది అట్టి అధోలోకములలో ఒకటైన సుతలము. అట్టి పాతాళములో ధనవంతుడు వేదనపడుచున్నాడని లూకా సువార్తలో చదివిన తొలి తెలుగు పాఠకుడు ఒక్క క్షణము తడబడియుండును. మాట పాతది, అర్థము క్రొత్తది.

రెండవ మాట రక్షణ. మోక్షము, ముక్తి అను పదములు సిద్ధముగా ఉండగా తెలుగు ప్రొటెస్టెంటులు రక్షణ అను మాటకు ప్రాధాన్యమిచ్చినారు. మోక్షమనగా జననమరణ చక్రము నుండి విడుదల. రక్షణ అనగా ఆపదలో ఒకరు వచ్చి కాపాడుట. మోక్షమునకు సాధన కావలెను. రక్షణకు కాపాడువాడు కావలెను. అహోబిల క్షేత్రమున శరణాగతిని ఆశ్రయించిన శ్రీవైష్ణవునకు ఈ భావము దూరమైనది కాదు. కాని ఆ క్షేత్రముల గర్భాలయములకు ప్రవేశము లేని మాల మాదిగ కులములవారికి, కాపాడువాడు ఇంటి వాకిటికే వచ్చునన్న మాట మరియొక విధముగా వినిపించినది.

ఈ మాటలకు గొప్ప పరీక్ష 1876లో వచ్చినది. ఆ ఏడు ధాత నామ సంవత్సరము. కనుక జనులు దానిని ధాత కరువన్నారు. 1878 వరకు సాగిన ఆ క్షామములో కర్నూలు మండల జనసంఖ్య దాదాపు నాల్గవ వంతు తగ్గినది. కడప, బళ్లారి మండలములు కూడ ఘోరముగా నష్టపోయినవి. గంజి కేంద్రముల యొద్ద మనుషులు పడి చనిపోవుచున్న దినములలో, మరణానంతరము అగ్ని ఉన్నదని చెప్పుట ఎట్లు? బాప్తిస్మము పొందక చనిపోయిన ఆ వేలమంది గతి ఏమని చెప్పవలెను?

ఇదే సమయమున ఇంగ్లండులో కూడ ఈ ప్రశ్న రగులుచున్నది. నిత్యశిక్షను గూర్చి అంగీకృత మతమును శంకించినందుకు ఎఫ్. డి. మారిస్ అను పండితుడు 1853లో లండన్ కింగ్స్ కళాశాలలో తన పదవిని కోల్పోయినాడు. ఎడ్వర్డ్ వైట్ అను బోధకుడు దుష్టులు నిరంతరము బాధింపబడరనియు, తుదకు నశింతురనియు వాదించినాడు. 1877 చివర, కర్నూలులో కరువు సాగుచుండగనే, ఎఫ్. డబ్ల్యు. ఫారర్ వెస్ట్‌మినిస్టర్ ఆలయమున నిత్యనరకమును ప్రశ్నించుచు ప్రసంగములు చేసి, మరునాటి సంవత్సరము వాటిని గ్రంథముగా ప్రకటించినాడు. అచ్చటి వాదము వేదికపై జరిగినది; ఇచ్చట అదే ప్రశ్న ఆకలిచావుల నడుమ నిలిచినది.

కరువు అనంతరము క్రైస్తవుల సంఖ్య వేగముగా పెరిగినది. దానిని గూర్చి రెండు అభిప్రాయములు నేటికిని వినవచ్చుచున్నవి. గంజి కొరకు మతము మారినారని కొందరందురు. నరకభయముచే మారినారని మరికొందరందురు. రెండును సంపూర్ణ సత్యములు కావు. నాడు కర్నూలు మండలములో ఉండిన కంభము వరకు వ్యాపించిన ఒంగోలు బాప్టిస్టు మిషనులో, జాన్ క్లౌ అను మిషనరీ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత పనిని గుత్తకు తీసికొని క్షామపీడితులకు కూలి కల్పించినాడు. సహాయము అందుచున్నంత కాలము బాప్తిస్మములు ఆపివేసినాడు. సహాయము ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ధాన్యము కొరకే వచ్చినవారైనచో ధాన్యము ఆగిన తరువాత రానక్కరలేదు. అదే మిషనులో 1866లోనే బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య అంతకుముందు గురువు నాశ్రయించి యోగము సాధన చేసినవాడు. అతనిని నడిపినది భయము కాదు, ముక్తి కొరకైన అన్వేషణ. అయితే ఆకలి, అవమానము, అన్వేషణ వేరువేరు గదులలో ఉండవు. కరువులో చేయి అందించినవానిని నమ్ముట మానవ సహజము. రక్షణ అను మాట ఆనాడు పరలోకమును మాత్రమే కాక, బడిని, వైద్యశాలను, తలయెత్తి నడచు హక్కును కూడ సూచించినది.

అయినను ఒక ప్రశ్న మిగిలినది. మా తాతముత్తాతల మాటేమి? ఈ ప్రశ్న మన సీమదే కాదు. పదునారవ శతాబ్దిలో జపానులో బోధించిన ఫ్రాన్సిస్ జేవియర్, తమ పితరులు నరకము నుండి తిరిగిరారని విని క్రొత్త విశ్వాసులు కన్నీరు పెట్టినారని 1552లో తన లేఖలో వ్రాసినాడు. సువార్త వినని తరముల గతిని దేవుని న్యాయమునకే విడువవలెనని పలువురు బోధకులు చెప్పుచు వచ్చినారు. రెండవ వాటికను మహాసభ 1964లో, తమ దోషము లేక సువార్త నెరుగనివారు మనస్సాక్షి ననుసరించి దేవుని వెదకినచో రక్షణ పొందగలరని ప్రకటించినది. కర్నూలు కతోలిక మేత్రాసనము 1967లోను, కడప మేత్రాసనము 1976లోను ఏర్పడినవి. కనుక ఇవి రెండును ఆ ప్రకటన తరువాత పుట్టినవే.

ప్రొటెస్టెంటులలో 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు పలువురు దానిలో చేరక 1975 వరకు వేరుగా ఉండిరి. ఆ భేదము బిషపుల అభిషేక పరంపరను గూర్చినది. నరకమును గూర్చినది కాదు. క్రీస్తు తిరిగి వచ్చి తీర్పు తీర్చునను విశ్వాసము ఇరువురికిని సమానమే. నరకమును అక్షరార్థముగా నమ్మువారును, దేవుని ఎడబాటుగా భావించువారును ఒకే ఆలయములో కూర్చుండుట నేటికిని కలదు.

నవంబరు 2వ తేదీన సమాధుల పండుగనాడు కడప, కర్నూలు పల్లెలలో క్రైస్తవులు శ్మశానవాటికలను శుభ్రపరచి, సున్నము వేసి, పూవులుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. మృతుల కొరకు ప్రార్థింపరాదను శాఖలవారు కూడ పలుచోట్ల అచ్చటికి వచ్చి నిలుతురు. ఆ సమాధులలో బాప్తిస్మము పొందినవారు ఉన్నారు. వారికి పూర్వము ధాత కరువులో సమాధి కూడ లేక పోయినవారు ఆ కుటుంబములలోనే ఉన్నారు. వారి గతి ఏమని అడిగినచో, ఆ పల్లెల పెద్దలు తీర్పు దేవునిదని ఊరకుందురు.