రక్తపోటుకు మందు లేని రోజులు



1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను హృద్రోగ నిపుణుడు హోవర్డ్ బ్రూయెన్ పరీక్షించారు. రక్తపోటు 186/108 ఉంది. గుండె అప్పటికే పెద్దదై అలసిపోయింది. ప్రపంచ యుద్ధాన్ని నడిపిస్తున్న నాయకుడికి ఆనాటి వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, ఉప్పు తగ్గించిన భోజనం, గుండెకు బలమిచ్చే డిజిటాలిస్. రక్తపోటును దించే సరైన మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న తల విపరీతంగా నొప్పిగా ఉందంటూనే ఆయన కూలిపోయారు. పోటులో పై అంకె 300 దాటింది. మెదడులో రక్తనాళం చిట్లి, 63 ఏళ్లకే కన్నుమూశారు.

మరో నాలుగేళ్లకు, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. ప్రపంచం మన మూలిక వైపు చూసింది. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే మందు తీశారు. ఆ తర్వాత ఇంకా మేలైనవి వచ్చాయి. మాత్రలు వాడినవారికి పక్షవాతం ముప్పు బాగా తగ్గుతుందని అమెరికాలో మాజీ సైనికులపై జరిపి 1967 నుంచి ప్రచురించిన పరిశీలనలు రుజువు చేశాయి.

అంతటి అధ్యక్షుడికి దొరకని మాత్ర ఇవాళ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో దొరుకుతుంది. అయినా "నాకే బాధా లేదుగా" అని మానేసేవారున్నారు. రక్తపోటు చాలామందిలో నొప్పి పెట్టదు. చప్పుడు లేకుండా గుండెను, మెదడును, మూత్రపిండాలను, కంటిచూపును తినేస్తుంది. కాబట్టి బి.పి. చూపించుకోండి. డాక్టరు చెప్పనిదే మాత్ర ఆపకండి. సర్పగంధ వేరును సొంతంగా నూరి తాగకండి.