లంగరు వేసిన పడవ

పడవ ప్రయాణం హాయి అంటారు గాని, అసలు హాయి పడవ ఆగాకే! పొద్దు వాలగానే సరంగు గాలివాటం చూసుకుని, ఒడ్డు విరిగిపడని చోటు చూసుకుని లంగరు వేస్తాడు. కళాసీలు పొయ్యి రాజేస్తారు. అన్నం ఉడుకుతున్న వాసన, పడవ అడుగున నీళ్ళు తట్టే చప్పుడు, ఉయ్యాలలో ఊపినట్టు చిన్న కదలిక. ఇక నిద్ర పట్టడానికి జోలపాట కూడా అక్కర్లేదు.

ఆ సుఖాన్ని తనివితీరా అనుభవించినవారు రవీంద్రనాథ టాగూరు. 1890 ప్రాంతంలో తండ్రి దేవేంద్రనాథులు తూర్పు బెంగాలులోని జమీందారీ వ్యవహారాలు ఆయనకి అప్పగించారు. షిలైదా, షాజాద్‌పూర్, పతిసర్ - ఆ ఊళ్ళన్నీ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. ఎటు చూసినా నదులే, కాలవలే. అందుకని ఆయనకి పడవే కచేరీ, పడవే పడకగది. దాని పేరు కూడా నది పేరే, ‘పద్మ’. మన గోదావరి లంకల్లాగే పద్మానదిలోనూ ఇసుకమేటలు ఉంటాయి. అక్కడ పడవ కట్టించుకుని రోజుల తరబడి ఉండిపోయేవారు.

ఆ పడవలోంచే అన్నగారి కూతురు ఇందిరాదేవికి ఉత్తరాలు రాసేవారు. 1895 డిసెంబరులో రాసిన ఒక ఉత్తరంలో ఒక రాత్రి సంగతి ఉంది. దీపం ముందు కూర్చుని, అందం అంటే ఏమిటో చర్చించే ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నారట. విసుగొచ్చి పుస్తకం మూసి, పడుకుందామని దీపం ఆర్పారు. అంతే! తెరిచి ఉన్న కిటికీల్లోంచి వెన్నెల గదినిండా వచ్చి పడింది. ఇంతసేపూ ఆ వెన్నెలని బయట నిలబెట్టింది చేతిలో పట్టేంత దీపమేనన్నమాట!

అయితే ఆగిన పడవలోంచి వెన్నెలొక్కటే కనబడదు కదా. రేవూ కనబడుతుంది. 1891 జూలైలో షాజాద్‌పూర్ రేవులో మరో పడవ ఆగి ఉంది. ఒడ్డున ఆడవాళ్ళు గుమిగూడారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతె, మగపిల్లాడిలా జుట్టు కత్తిరించుకుని, బెరుకు లేకుండా ఈ జమీందారుగారి వంకే చూస్తోంది. తీరా చూస్తే అత్తవారింటికి వెళ్ళవలసింది ఆ పిల్లే! పడవ ఎక్కనని మొరాయించింది. బతిమాలి, బలవంతాన ఎక్కించారు. పడవ కదిలింది. ఒడ్డున ఉన్నవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అదే నది, అలాంటి పడవే. ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి పుట్టింటి ఎడబాటు.

ఆ పిల్లే రెండేళ్ళకి ‘సమాప్తి’ కథలో మృణ్మయి అయింది. 1961లో సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ సినిమాలో తెర మీదికీ వచ్చింది.

ఇంతగా కరిగిన ఆ మనసే ఇంటికి వచ్చేసరికి ఏం చేసిందో తెలుసా? 1901లో ఆయన తన పెద్ద కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు చేసేశారు. రెండోది రేణుకకి అప్పటికి పదేళ్ళు దాటాయంతే. రేవులో పిల్ల కష్టం కళ్ళారా చూసిన తండ్రికి కూడా ఆచారం ఎంత బలంగా అడ్డుపడిందో చూడండి! 

ఉత్తరాలు అందుకున్న ఇందిరాదేవి కథ వేరు. ఆవిడ 1892లో బి.ఎ. ప్యాసయింది. ఇరవై ఆరో ఏట, 1899లో, ప్రమథ చౌధురిని పెళ్ళాడింది. బాబాయి రాసిన ఉత్తరాలని నోటుపుస్తకాల్లోకి ఓపిగ్గా ఎత్తి రాసి ఆయనకే ఇచ్చింది. 1912లో ‘ఛిన్నపత్ర’గా అచ్చయింది ఎక్కువగా వాటినుంచే. ఆవిడే ఆ పని చెయ్యకపోతే ఆ వెన్నెల రాత్రీ, రేవులో మొరాయించిన ఆ పిల్లా మనదాకా వచ్చేవారా?