కొలిచి కట్టిన వంటయిల్లు

నేడు హైదరాబాదులో గాని, విజయవాడలో గాని పాత ఇంటిని బాగుచేయింప దలచిన గృహస్థు మొట్టమొదట అడుగుపెట్టునది వంటయింటి సామగ్రి అమ్ము దుకాణములోనే. అచ్చట గోడ పొడవునను వరుసగా బిగించిన అరలు, చప్పుడు లేక మూసికొను సొరుగులు, గట్టుపై పరచిన రాతిపలక, దాని వెనుక గోడకు అతికించిన టైళ్లు, నేలయు గోడయు కలియు చోట నాలుగంగుళముల స్కర్టింగు, వీనిలో ప్రతిదానికిని పదుల కొలది రంగులును మెరుపులును ధరలును చూపబడును. చూపరుల దృష్టి రంగుల మీదనే నిలుచును గాని, ఆ అరలు ఆ క్రమముననే ఏల ఉండవలెను, గట్టు ఆ ఎత్తుననే ఏల ఉండవలెను, అరల అడుగున పాదములు చొచ్చునంత సందు ఏల విడువబడెను అను ప్రశ్నలు ఆ సందడిలో ఎవ్వరికిని తోచవు. ఈ ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము వెదకవలసిన చోటు జర్మనీ దేశమునందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరము. కాలము 1926వ సంవత్సరము.

మొదటి ప్రపంచ సంగ్రామము ముగియునప్పటికి జర్మనీ పట్టణములలో ఇండ్ల కరవు దుర్భరమై యుండెను. యుద్ధకాలమున కట్టడముల పని నిలిచిపోయెను. ఆ వెనుక వచ్చిన ద్రవ్యోల్బణము మధ్యతరగతి వారి పొదుపు సొమ్మును మ్రింగివేసెను. కార్మిక కుటుంబములు ఒకటి రెండు గదులలో క్రిక్కిరిసి, వండుకొను గదిలోనే తినుచు, ఆ గదిలోనే పరుండుచు కాలము గడుపుచుండెను. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ ఎర్న్‌స్ట్ మే అను వాస్తుశిల్పిని నిర్మాణశాఖకు అధిపతిగా నియమించెను. పాత ఇండ్లపై విధింపబడిన ప్రత్యేకపు పన్ను వలన సమకూడిన ధనము అతడు చేపట్టిన గృహనిర్మాణ పథకమునకు ప్రధానాధారమయ్యెను. ప్రౌన్‌హైమ్, రోమర్‌స్టాట్ మొదలైన కాలనీలు నగరపు అంచులలో వెలసినవి ఈ కాలముననే. అద్దె తక్కువగా ఉండవలెనన్న ఇల్లు చిన్నది కావలెను. ఇల్లు చిన్నదైనచో అందులో అంగుళమైనను వ్యర్థము కారాదు. అద్దెకు వచ్చు పేదవాడు అలమారలు కొనలేడు గనుక అవి ఇంటితో పాటే అమరి యుండవలెను. ఈ మూడు నిర్బంధముల నడుమ జనించినదే లోకమంతట ప్రసిద్ధి కెక్కిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటయిల్లు.

దానిని రూపొందించిన మార్గరెటె లిహోట్‌స్కీ 1897లో వియన్నాలో జన్మించెను. స్త్రీలు వాస్తువిద్య నభ్యసించుట అపురూపమైన ఆ దినములలో ఆమె ఆ విద్యను పూర్తిచేసి, పేదలకు ఇండ్లు కట్టు ఉద్యమమున ఆడోల్ఫ్ లోస్ వంటి ప్రసిద్ధుని వద్ద పనిచేసెను. 1926లో మే ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్‌నకు ఆహ్వానించెను. ఒక విచిత్రమేమనగా, ఆ వంటయింటిని గీయునాటికి తాను ఇల్లు నడిపినదానను గాని, వంట చేసినదానను గాని కానని ఆమెయే తరువాతి కాలమున చెప్పుకొనెను. అనుభవము లేని చోట ఆమె కొలతను ఆశ్రయించెను. గడియారము పట్టుకొని ఏ పనికి ఎన్ని నిమిషములు పట్టుచున్నవో, ఎన్ని అడుగులు నడువవలసి వచ్చుచున్నదో లెక్కకట్టించి, ఆ లెక్కల నుండియే ఆమె గది రూపమును రాబట్టెను.

ఈ ఆలోచనకు పూర్వీకులు లేకపోలేదు. అమెరికాలో కేథరిన్ బీచర్ అను విదుషి తన సోదరియు సుప్రసిద్ధ నవలాకర్త్రియు నగు హారియెట్ బీచర్ స్టోవ్‌తో కలిసి 1869లో ప్రకటించిన గృహనిర్వహణ గ్రంథమున ఆవిరి ఓడలలోని వంటగదిని ఆదర్శముగా చూపెను. రెండు వందల మందికి వండు సామగ్రియంతయు అంత చిన్న చోటున ఇముడుచుండగా గృహిణి ఏల రోజంతయు నడువవలెనని ఆమె వాదము. కర్మాగారములలో కూలివాని కదలికలను కొలిచిన ఫ్రెడరిక్ టేలర్ పద్ధతిని ఇంటిపనికి వర్తింపజేసి క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1913లో వెలువరించిన గ్రంథము జర్మను భాషలోనికి అనువదింపబడి లిహోట్‌స్కీ చేతికి చేరెను. వీనితో పాటు రైళ్లలోని భోజనశాలలకు వండు ఇరుకు గదులను గూడ ఆమె శ్రద్ధగా పరిశీలించెను.

ఆమె గీసిన గది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అనగా మన లెక్కలో ఆరుంబావు అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పైచిల్లర పొడవు. ఒకవైపు పొయ్యి, ఎదుటివైపు తొట్టెలును గిన్నెలు ఆరవేయు చట్రమును, కొనయందు కిటికీ క్రింద పనిబల్ల; దాని ముందు ఎత్తు మార్చుకొనదగిన తిరుగుడు పీట. కూరగాయల చెత్త పనిబల్లలోనే అమర్చిన సొరుగులో పడును. ఇస్త్రీబల్ల గోడకు మడిచి పెట్టబడును. దీపము పైకప్పుకు బిగించిన పట్టాపై జరుగుచు ఎచ్చట పని జరుగునో అచ్చటికి వెలుగును తెచ్చును. భోజనపు గదిలోనికి తెరచుకొను జరుగుడు తలుపు నుండి తల్లి పిల్లలను కనిపెట్టి యుండవచ్చును; పొయ్యి నుండి భోజనపు బల్లకు నడువవలసిన దూరము మూడు మీటర్లు మించరాదని ఆమె నియమము. గృహిణి ఒంటరిగా పనిచేయు ఇంటికి ఒక తరహా, ఒక సేవకురాలు గల ఇంటికి ఇంకొకటి, ఇద్దరున్న ఇంటికి మరియొకటి, ఇట్లు మూడు తరహాలు కల్పింపబడినను, విరివిగా వాడుకలోనికి వచ్చినది మొదటిదే. ఇట్టి వంటయిండ్లు సుమారు పదివేలు నిర్మింపబడెను.

నేటి గృహస్థునకు ఉపకరించు పాఠము అచ్చటి చెక్కలలోను రంగులలోను దాగియున్నది. కత్తి గాట్లకును మరకలకును ఓర్చును గనుక పనిబల్లకు బీచ్ చెక్క వాడబడెను. పిండి నిలువచేయు సొరుగునకు ఓక్ చెక్క వాడబడెను; అందలి టానిన్ అను వగరు పదార్థము పురుగును దరిజేరనీయదు. బియ్యము, పప్పు, చక్కెర మున్నగువానికి పిడియు ముక్కును గల అల్యూమినియపు పెట్టెలు అమర్చి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క దినుసు పేరు చెక్కించిరి. మన పోపులపెట్టె గోడకెక్కి పద్దెనిమిది అరలుగా విస్తరించినట్లు ఆ వరుస కనబడును. అరలను కాంక్రీటు పీఠముపై నిలిపిరి. అడుగున ధూళి చేరదు, చీపురు సాగును, నిలుచున్నవారి కాలివ్రేళ్లు తగులవు. అలమారలకు పూసిన నీలిరంగు సైతము కేవలము అలంకారము గాదు. ఈగలు నీలిరంగుపై వ్రాలవని నాటి వారి విశ్వాసము. ఆ విశ్వాసము సరియైనదా కాదా అనునది అటుండనిండు. రంగునకు గూడ ఒక కారణము చెప్పవలసి యుండుననెడి క్రమశిక్షణయే ఇచ్చట గ్రహింపవలసినది.

అయినను ఆ వంటయిల్లు నిందకు గురికాకపోలేదు. పాత బల్లలును అలమారలును అందు పట్టవని అద్దెదారులు విసుగుకొనిరి. క్రింది వరుస పెట్టెలు పసిపిల్లల చేతి కందుచుండెను. తల్లియు కూతురును గాని, భార్యయు భర్తయు గాని కలిసి పనిచేయుటకు అందు చోటు లేదు. 1970 దశకపు స్త్రీవాదులు మరింత తీవ్రముగా విమర్శించిరి: శ్రమ తగ్గించుట పేర ఆ గది స్త్రీని కుటుంబము నుండి వేరుచేసి, వంట ఆమె ఒక్కతె పనియే యని గోడలతో శాసించినదని వారి వాదము. ఈ విమర్శలో సత్యము లేకపోలేదు. ఏ దేహమును కొలిచి గది కట్టుదుమో ఆ దేహమునకు అది సుఖము. తక్కినవారికి అది ఇరుకు. కొలత శ్రమను తగ్గించును, ఆ శ్రమ ఎవరిదో కూడ నిర్ణయించివేయును.

ఆ శిల్పి జీవితము వంటయింటికి మాత్రము పరిమితమైనది కాదు. 1930లో మే బృందముతో ఆమె సోవియట్ రష్యాకు వెడలి నూతన పారిశ్రామిక నగరముల నిర్మాణమున పాల్గొనెను. 1938లో ఇస్తాంబులు చేరెను. నాజీలను ప్రతిఘటించు రహస్యోద్యమపు పనిపై వియన్నాకు మరలి, 1941 జనవరిలో పట్టుబడి, పదునైదేండ్ల శిక్ష పొంది, 1945లో యుద్ధము ముగియు వేళ విముక్తురాలయ్యెను. కమ్యూనిస్టు అగుటచే స్వదేశమున ప్రభుత్వపు పనులు ఆమెకు అరుదుగనే లభించెను. 2000 సంవత్సరము జనవరిలో, నూటమూడవ జన్మదినమునకు ఐదు దినముల ముందు ఆమె కన్నుమూసెను. ఆమె కట్టించిన వంటయిండ్లను తరువాతి తరములవారు ఇండ్లు బాగుచేయించుకొనుచు పెక్కింటిని ఊడబెరికి పారవేసిరి. మిగిలినవానిలో కొన్నింటిని న్యూయార్కు, లండను మ్యూజియములు సేకరించి భద్రపరచినవి. రోమర్‌స్టాట్‌లో ఒక ఇంటిని యథాతథముగా పునరుద్ధరించి నేటికిని సందర్శకులకు చూపుచున్నారు.

ఇక మన వంటయింటి కథ వేరు. తెలుగునాట వంట తరతరములుగా నేలపై కూర్చుండి చేసిన పని. పొయ్యి నేలమీద, కత్తిపీట నేలమీద, రోలు నేలలో పాతి, సన్నికల్లు మూలన. పేడతో అలికిన నేల, సున్నము కొట్టిన గోడ, గోడ అడుగున చేతితో పూసిన ఎర్రమన్ను పట్టె: నేటి స్కర్టింగు చేయు పనిని నాడు ఆ పట్టెయే చేసెను. అలుకునపుడు చింది పడు తడియు మరకయు తెల్లని సున్నముపై కనబడకుండ అది కాపాడెడిది. గ్యాసు పొయ్యి వచ్చినంతనే ఈ లోకము తలక్రిందులయ్యెను. పొయ్యి సిలిండరు కంటె ఎత్తున ఉండవలెననెడి భద్రతా నియమము వంటను గట్టెక్కించెను. గట్టు వంటవారిని నిలువబెట్టెను. అటు జర్మనీలో గడియారము చేసిన పనిని ఇటు ఒక ఇనుప సిలిండరు చేసినది. భేదమేమనగా, అచ్చట ఎవరో కొలిచిరి. ఇచ్చట కొలువకయే గట్టు కట్టబడెను. పిదప దుకాణములలో దొరకు అరలు పాశ్చాత్యుల కొలతలతో వచ్చి ఆ గట్టు క్రింద చేరినవి.

ఈ కారణముననే మన ఇండ్లలో సామగ్రిని ఎంచుకొనునపుడు కంటి కంటె ముందు చేతిని సంప్రదింపవలెను. మోచేతి ఎత్తునకు నాలుగైదు అంగుళములు తక్కువగా గట్టు ఉండుట సుఖమని ఒక సామాన్యసూత్రము కలదు. ఐదడుగుల ఎత్తుగల వ్యక్తికి పాశ్చాత్యుల మూడడుగుల గట్టు భుజముల నొప్పిని మిగుల్చును. గట్టుపై పరచు రాయి విషయమున మన నేలయే మనకు ఉపాధ్యాయి. తాండూరు, షాబాదు, బేతంచెర్ల పలకలు సున్నపురాతి జాతికి చెందినవి. నేలకు అవి చల్లగను చవకగను ఉండును గాని, చింతపండు పులుసును నిమ్మరసమును పడినచోట వాని నునుపు చెడును. పాలరాతికిని ఇదే గతి. గ్రానైటు జాతి రాళ్లకు ఈ పులుపు భయము లేదు. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో తీయు నల్లరాయి, బంగారు చుక్కలు చల్లినట్లుండు ‘బ్లాక్ గెలాక్సీ’, దేశదేశముల వంటగట్లపై పరచబడియున్నది. శాస్త్రజ్ఞులు దానిని గ్రానైటుగా గాక గాబ్రో జాతిగా లెక్కింతురు. ఆ చుక్కలు బ్రాంజైటు అను ఖనిజపు రేణువులు. తెల్లని కృత్రిమ క్వార్ట్జు పలకను కోరువారు మన వంటలో పసుపు నిత్యవస్తువని జ్ఞాపకముంచుకొనవలెను.

అరల చెక్క విషయమునను ఇట్టి వివేకమే కావలెను. తొట్టె క్రింద, సిలిండరు ప్రక్కన, నేలకు తాకు చోట తడి తప్పదు. మన ఇండ్లలో వంటయింటి నేల తుడుచుట మాత్రమే గాక కడుగుట కూడ పరిపాటి. పొడిచెక్కను జిగురుతో అదిమి చేసిన పలకలు ఈ నీటికి ఉబ్బి విచ్చిపోవును. భారతీయ ప్రమాణము 710 గల మెరైన్ ప్లైవుడ్డు అట్టి చోట్లకు తగినది. దానిపై అతికించు సన్‌మైకా వంటి రేకుల చరిత్ర 1912–13 ప్రాంతమున అమెరికాలో విద్యుత్పరికరములలో అభ్రకమునకు బదులుగా కనిపెట్టబడిన ఫార్మైకాతో మొదలయ్యెను. విద్యుత్తును ఆపుటకు పుట్టినది తరువాత నూనె మరకలను ఆపుటకు వచ్చెను. తాలింపు పొగ తగులు చోట గరుకు రేకు జిడ్డును పట్టియుంచును, నునుపు రేకు ఒక తుడుపునకు శుభ్రమగును. స్కర్టింగునకు పాశ్చాత్యులు చెక్కను వాడుదురు. నేల కడుగు ఇంట అది రాయి గాని టైలు గాని కావలెను. అరల అడుగున పీఠమును చెక్కతో గాక ఇటుకతో గాని కాంక్రీటుతో గాని కట్టి టైలు అతికించుకొన్నచో లిహోట్‌స్కీ సూత్రమును మన నీటికి అన్వయించినట్లగును.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటయింటి నుండి మనము తెచ్చుకొనవలసినది దాని రూపము గాదు. ఆ రూపము ఒక దేశపు ఇరుకునకును, ఒక కాలపు కుటుంబమునకును కొలిచి కుట్టబడినది. దానిని యథాతథముగా దించుకొనుట దాని లోపములను గూడ దించుకొనుటయే. తెచ్చుకొనవలసినది ఆమె పద్ధతి: ప్రతి చెక్కకును, ప్రతి రంగునకును, ప్రతి అంగుళమునకును కారణము అడుగుట. ఆమె అడుగక విడిచిన ప్రశ్న నొకదానిని మనము చేర్చుకొనవలసి యున్నది: ఈ ఇంట వండువారు ఎందరు, ఎవరెవరు? భర్తయు, కొడుకును, అత్తయు, కోడలును అందరును అచ్చట నిలువవలెనన్న నడవ వెడల్పు కావలెను, సొరుగులు అందరి చేతికి అందవలెను, మోకాళ్లు సహకరింపని పెద్దలకు కూర్చుండి కూరలు తరుగుకొనుటకు ఒక బల్ల తక్కువ ఎత్తున ఉండవలెను. ఈ లెక్క తేలిన పిమ్మట రంగుల పుస్తకమును తెరచినచో ఎంపిక సులభమగును; అంతకు ముందే తెరచినచో ఆ పుస్తకము అమ్మువానికే ఎక్కువ ఉపకరించును.