మారిషస్ రైలు: ఎక్కినవారు, ఎక్కలేనివారు

సామ్రాజ్యవాదులు వలస దేశాలకిచ్చిన వరాల్లో రైలును మొదట చెప్పడం ఆనవాయితీ. ఆ వరం ఎవరికి దక్కిందో హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపం చెబుతుంది. ఆ కథ మనకు పరాయిది కాదు. కోరంగి రేవులో ఓడెక్కి అక్కడి చెరుకు తోటలకు పోయిన తెలుగు కూలీలకు ఆ ద్వీపంలో ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది.

వాయవ్య తీరాన పోర్ట్ లూయీ, ఆగ్నేయ తీరాన మాహేబూర్. ఈ రెంటినీ కలిపే రైలుదారిని 1865 అక్టోబరులో తెరిచారు. చక్కెరను రేవుకు చేర్చడం దాని ముఖ్యమైన పని. దారి మధ్యలో, క్యూర్పిప్ దగ్గర, సుమారు 1,800 అడుగుల ఎత్తుకెక్కి మళ్ళీ సముద్రం వైపు దిగుతుంది. అసలు సంగతంతా ఈ ఎత్తులోనే ఉంది.

1866లో మలేరియా విరుచుకుపడింది. మూడు లక్షల పైచిలుకు జనాభాలో 1867 ఒక్క ఏడే 30 వేలమందికి పైగా చనిపోయారు. చెరుకు కోసం అడవులు నరకడం, రైలుకట్టల కోసం నేల తవ్వడం ఈ జ్వరానికి తోడ్పడ్డాయని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దోమ గుట్టు అప్పటికెవరికీ తెలియదు. రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో దాన్ని కనిపెట్టింది 1897లో. (ఆ రాస్‌నే 1907లో మలేరియా నివారణకై మారిషస్ పంపారు.) అయితే చల్లని మెట్టసీమలో జ్వరం తక్కువని జనం త్వరగానే గ్రహించారు. గ్రహించినవారిలో డబ్బున్నవారు కొండెక్కారు. క్యూర్పిప్‌లో ఇళ్ళు కట్టుకుని, పొద్దున్నే రైల్లో రేవుకు దిగి సాయంత్రం తిరిగి ఎక్కారు. చక్కెర కోసం వేసిన దారి దొరలకు ప్రాణరక్షణ మార్గమయింది!

మరి కూలీ? అదే 1867లో కొత్త చట్టం వచ్చింది. ఒప్పందం గడువు తీరిన పాత కూలీ సైతం ఫోటో అంటించిన చీటీ, పోలీసు పాసు వెంట ఉంచుకోవాలి. లేకుంటే దేశదిమ్మరి కింద అరెస్టే. జ్వరమున్న చోటనే పడి ఉండమని చట్టం అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది. 1871లో 9,401 మంది పాత కూలీలు, అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ తోడ్పాటుతో, ఈ బాధలన్నీ గవర్నరుకు అర్జీగా పెట్టుకున్నారు. 1872లో రాయల్ కమిషన్ విచారణకు దిగింది. ఆనాటి కూలీల జీవితాన్ని గురించి మనకు తెలిసిన దాంట్లో చాలాభాగం ఆ అర్జీ తెచ్చిపెట్టిందే.

లారీల పోటీకి నిలవలేక 1956లో ప్రయాణికుల బండ్లు, 1964లో సరుకుల బండ్లు ఆగిపోయాయి. పాత దారిని చాలామేరకు అనుసరిస్తూ వేసిన మెట్రో 2022లో పోర్ట్ లూయీ నుంచి క్యూర్పిప్ చేరింది. అవతల మాహేబూర్ వైపుకు మాత్రం దిగలేదు.