నాగల్‌గిద్ద సీమలో కాన్పుల చరిత్ర

నారాయణఖేడ్ తాలూకా పల్లెల్లో, తండాల్లో రెండు తరాల కిందటి దాకా కాన్పు ఇంటి లోపలి గదిలోనే జరిగేది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. నొప్పులు మొదలైతే మంత్రసానికి కబురు వెళ్ళేది. ముస్లిం ఇళ్ళల్లో ఆమెనే దాయి అనేవారు. చాలా ఊళ్ళల్లో ఈ పని మంగలి ఇంటి ఆడవాళ్ళది, అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి వచ్చిన విద్య. బిడ్డను అందుకోవడం, బొడ్డు కోయడం, మాయ పడేదాకా కనిపెట్టుకొని ఉండడం, ఆ తరువాత రోజుల తరబడి తల్లికీ బిడ్డకూ ఒళ్ళు రుద్ది నీళ్ళు పోయడం అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. ప్రతిఫలం గింజలు, పాత చీర, కొన్ని డబ్బులు. బాలింతకు శొంఠి, వాము, వెల్లుల్లి పెట్టేవారు, సాంబ్రాణి పొగ వేసేవారు, నీళ్ళు తక్కువ ఇచ్చేవారు. ఇందులో కొన్ని మేలు చేసేవి. నీళ్ళు తగ్గించడం మాత్రం పాలకూ, ఒంటికీ చెరుపే చేసేది.

ఈ తాలూకా ఊళ్ళతోనే నేటి నాగల్‌గిద్ద మండలం 2016లో తెలంగాణ జిల్లాల పునర్విభజనప్పుడు ఏర్పడింది. అంతకు ముందు ఇక్కడి ఊళ్ళు మనూరు మండలంలో ఉండేవి. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా మొత్తం హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అది మెదక్ జిల్లాకు మారింది, బీదర్ కర్ణాటకకు వెళ్ళింది. కాగితం మీద జిల్లా కేంద్రం సంగారెడ్డి అయింది కానీ, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు కలగలిసిన ఈ సరిహద్దు ఊళ్ళకు చుట్టరికాలూ సంతలూ బీదర్ వైపే మిగిలాయి. హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాన్పు కష్టమైన రోజున ఈ దూరమే ప్రాణాల మీదికి తెచ్చేది.

మంత్రసాని అనుభవం సాఫీ కాన్పుకు సరిపోయేది. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ పడకపోతే, నెత్తురు ఆగకపోతే, గుర్రపు వాతంతో తల్లికి మూర్ఛలొస్తే ఆమె దగ్గర సాధనం లేదు. ఈ ఆపదలు మనవాళ్ళకు తెలియనివి కావు. అడ్డం తిరిగిన బిడ్డను సుశ్రుతుడు మూఢగర్భమనే పేరుతో వివరంగా చర్చించాడు. పల్లెల్లో గుర్రపు వాతాన్ని గాలి సోకిందని, దెయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోయేవారు. అక్కడ పోయిన గంటలు మళ్ళీ వచ్చేవి కావు. బొడ్డును కొడవలితోనో పాత బ్లేడుతోనో కోసి బూడిద అద్దడం వల్ల ధనుర్వాతం సోకి పసిబిడ్డలు పుట్టిన కొన్ని రోజులకే పోయేవారు. తల్లికి టీటీ సూదులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం వచ్చాక ఆ చావులు తగ్గుతూ వచ్చాయి. 2003లో పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు దక్కింది. భారతదేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది.

తెలుగు నేల మీద ఆడవాళ్ళకని ప్రత్యేక వైద్యం మొదలుపెట్టినవారిలో అన్నా సారా కుగ్లర్ ముఖ్యురాలు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన ఈ లూథరన్ మిషన్ వైద్యురాలు అక్కడ 1898లో ఆసుపత్రి తెరిచింది. హైదరాబాద్ నగరంలో 20వ శతాబ్దం మొదట్లో విక్టోరియా జనానా ఆసుపత్రి వెలసింది. పరదా పాటించే ఇళ్ళ స్త్రీలు మగ డాక్టరు ముందుకు రారు కాబట్టి ఆడవాళ్ళే నడిపే ఆసుపత్రి కావలసివచ్చింది. నిజాం రెండో కోడలు నీలోఫర్ తన పరిచారిక ఒకామె కాన్పులో చనిపోవడం చూసి చలించి ఆసుపత్రికి పూనుకున్నదని చెబుతారు. 1953 నుంచి పనిచేస్తున్న నీలోఫర్ ఆసుపత్రి నేటికీ జిల్లాల నుంచి వచ్చే తల్లులకూ పసిపిల్లలకూ పెద్ద దిక్కు. రాణివాసంలో ఉన్న పరిచారికకే వైద్యం అందలేదంటే, మంజీర అవతలి తండాలో ఉన్నవారి సంగతి ఊహించుకోవచ్చు.

1952లో సమాజాభివృద్ధి పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచన దేశమంతా పాకింది. ఏఎన్‌ఎమ్‌లనే సహాయక నర్సులు ఊళ్ళు తిరిగారు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చారు, బ్లేడు, సబ్బు, దారం ఉన్న కాన్పు పొట్లాలు పంచారు. ఆ శిక్షణ తెచ్చిన శుభ్రత బిడ్డలను కాపాడింది. తల్లుల మరణాలు మాత్రం ఆశించినంతగా తగ్గలేదు, ఎందుకంటే ఆగని నెత్తురును శుభ్రత ఆపలేదు. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ చిక్కుకు స్పష్టమైన రూపమిచ్చారు. ఆసుపత్రికి వెళ్ళాలని ఇంట్లో తేల్చుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం మొదలవడంలో ఆలస్యం: తల్లి ప్రాణం ఈ మూడింటి మధ్య పోతుందన్నారు. నాగల్‌గిద్ద తండాలను ఎరిగినవారికి ఇందులో రెండోదాని గురించి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ రెండో ఆలస్యం మీద మొదటి దెబ్బ 2005లో పడింది. ఆ ఏడు ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అదే ఏడు ఆసుపత్రి కాన్పుకు నగదు ఇచ్చే జననీ సురక్ష యోజన వచ్చింది, ఆ తరువాత ఆశ కార్యకర్తలు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం ప్రారంభించి, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైతే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగేవి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో 195 ఉండగా, తెలంగాణలో 2018-20 నాటికి 43కు దిగాయి.

వైద్య పరిశోధన ఈ కాలంలోనే పల్లె వైపు తిరిగింది. అందులో మనకు అన్నిటికంటే దగ్గరిది కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో జరిగింది. కాన్పు తరువాత నెత్తురు ఆపే ఆక్సిటోసిన్ సూదిమందుకు చల్లటి పెట్టె కావాలి. ఇంటి కాన్పులో, ఉపకేంద్రంలో అది దొరకదు. బిడ్డ పుట్టగానే మింగే మిసోప్రోస్టాల్ మాత్రలు ఆ పని చేస్తాయా అని 1,620 మంది తల్లులతో పరీక్షించారు. మాత్రలు ఇచ్చినవారు ఏఎన్‌ఎమ్‌లే. కాన్పు తరువాత అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. 2006లో లాన్సెట్ పత్రికలో అచ్చైన ఈ ఫలితం ప్రపంచమంతా విధానాలను కదిలించింది. ఆ పరిశోధనలోనే తల్లి కింద పరిచి, కారిన నెత్తురును గీతల సంచిలో కొలిచే ప్లాస్టిక్ గుడ్డ వాడారు. కంటితో చూసి వేసే అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుందని దీనితో తేలింది. అలాంటి గుడ్డనే ఆధారం చేసుకొని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఈ-మోటివ్ పరిశోధన జరిగింది. నెత్తురు గీత దాటగానే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయని 2023లో ప్రకటించారు.

గుర్రపు వాతం విషయంలో 2002 నాటి మాగ్‌పై పరిశోధన మలుపు. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులతో చవకైన మెగ్నీషియం సల్ఫేట్‌ను పరీక్షించి చూస్తే మూర్ఛల ముప్పు సగానికి పైగా తగ్గింది. నొప్పుల సమయంలో ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ తల్లికి తీవ్రమైన ఇన్ఫెక్షన్, మరణం కలిపి చూస్తే ఆ ముప్పును మూడోవంతు తగ్గిస్తుందని 2023లో తేల్చిన పరిశోధనలోనూ బెళగావి, నాగపూర్ పాలుపంచుకున్నాయి. ఈ మందుల్లో ఏదీ ఖరీదైనది కాదు.

ఆసుపత్రి కాన్పు మరో చిక్కు తెచ్చింది. 2019-21 నాటి అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 80 శాతం దాటింది. అవసరమైన చోట కడుపు కోత ప్రాణం నిలుపుతుంది. అవసరం లేని కోత తల్లికి మళ్ళీ కాన్పులో మాయ అతుక్కుపోవడం, రక్తస్రావం వంటి ముప్పులు మిగులుస్తుంది. దీనికి విరుగుడుగా 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకు మంత్రసాని విద్యలో పద్దెనిమిది నెలల శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడు కేంద్రం కూడా ఇదే బాట పట్టింది. పాత మంత్రసాని ఓపిక, కొత్త వైద్య జ్ఞానం ఒకే చేతిలో ఉండాలన్న ఈ ఆలోచన సరైనది, ఆలస్యంగా వచ్చింది.

నాగల్‌గిద్ద, మనూరు, కంగ్టి తండాలకు సంబంధించినంత వరకు ఒక లోటు ఇంకా ఉంది. దసరా తరువాత ఇక్కడి కుటుంబాలు చెరకు కోతకు కర్ణాటక, మహారాష్ట్రలకు నెలల తరబడి వెళ్తాయి. నెలలు నిండుతున్న ఆడవాళ్ళూ వెంట వెళ్తారు. రక్తపోటు చూసేవారు, ఇనుము మాత్రలు ఇచ్చేవారు అక్కడ ఉండరు. ఆ తల్లుల పేర్లు, కాన్పు తేదీలు వెళ్ళే చోటి ఆరోగ్య కేంద్రానికి ముందే అందేలా మూడు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి ఏర్పాటు చెయ్యాలి.