లోహ ఆక్సైడ్ పూత గల ఆప్టికల్ ఫైబర్ సెన్సర్

లోహ ఆక్సైడ్ పూత గల ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ అనగా, ఆప్టికల్ ఫైబర్ ఉపరితలంపై ఏదైనా లోహ ఆక్సైడ్‌ను పలుచని పొరగా పూసి, పరిసరాలలోని మార్పులను కాంతి ద్వారా గుర్తించే సాధనం. వాయువులు, గాలిలోని తేమ, ద్రావణాల గాఢత, జీవరసాయన పదార్థాలు మొదలైన వాటిని కొలవడానికి ఇది ఉపకరిస్తుంది. కొలిచే చోట విద్యుత్తు అవసరం లేకపోవడం దీని ముఖ్య లక్షణం. అందువలన చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదానికి దారితీసే ప్రదేశాలకు ఇటువంటి సెన్సర్లు అనుకూలమైనవి.

నేపథ్యం

లోహ ఆక్సైడ్లతో వాయువులను గుర్తించడం కొత్త విషయం కాదు. జపాన్‌కు చెందిన నవోయోషి తగుచి 1962లో టిన్ ఆక్సైడ్ వాయు సెన్సర్‌ను రూపొందించాడు. ఈ తరహా సెన్సర్లలో వాయువు తగిలినపుడు ఆక్సైడ్ విద్యుత్ నిరోధం మారుతుంది. అయితే అవి చక్కగా పనిచేయడానికి సాధారణంగా 200 నుండి 400 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయవలసి ఉంటుంది. మండే వాయువు ఉన్న చోటికి హీటరును, విద్యుత్ తీగలను తీసుకొనిపోవడంలో ఉన్న ఇబ్బందే కాంతి ఆధారిత పద్ధతుల పట్ల ఆసక్తికి ఒక కారణం.

పూత అవసరం

ఆప్టికల్ ఫైబర్‌లో లోపలి భాగాన్ని కోర్ అని, దానిని చుట్టి ఉన్న భాగాన్ని క్లాడింగ్ అని అంటారు. కోర్ వక్రీభవన గుణకం క్లాడింగ్ గుణకం కంటే ఎక్కువ. అందువలన కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ కోర్ వెంటనే ప్రయాణిస్తుంది. సమాచార ప్రసారానికి ఈ గుణం ఎంతో మేలు చేస్తుంది. కాని సెన్సర్‌కు ఇదే అవరోధం, ఎందుకనగా చుట్టూ ఉన్న గాలి లేదా ద్రవం కాంతిని తాకలేదు.

పరావర్తనం జరిగే చోట కాంతి క్షేత్రంలో కొంత భాగం సరిహద్దు దాటి, అతి కొద్ది దూరంలోనే క్షీణిస్తుంది. దీనిని ఇవానెసెంట్ తరంగం అంటారు. ఫైబర్‌పై కొంత పొడవున క్లాడింగ్‌ను తొలగించి ఆక్సైడ్ పూత పూస్తే, ఈ తరంగం పొరతోను, పొర ద్వారా పరిసరాలతోను చర్య జరుపుతుంది. పొర మందం సాధారణంగా కొన్ని పదుల నుండి కొన్ని వందల నానోమీటర్లు ఉంటుంది. ప్రామాణిక ఫైబర్ వ్యాసం 125 మైక్రోమీటర్లు. 125 నానోమీటర్ల పొర అందులో వెయ్యో వంతు మాత్రమే.

పనిచేయు విధానం

ఈ సెన్సర్లు ముఖ్యంగా రెండు విధాలుగా పనిచేస్తాయి.

మొదటిది అనునాద పద్ధతి. సిలికా గాజు వక్రీభవన గుణకం సుమారు 1.45 కాగా, టిన్ ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ వంటి వాటిది దాదాపు 2 ఉంటుంది. పొర మందం తగినంత ఉన్నపుడు, ఒకానొక తరంగదైర్ఘ్యం గల కాంతి ఫైబర్ నుండి పొరలోనికి మళ్ళి, అక్కడ కొంత శోషణ చెందుతుంది. ఫలితంగా ఫైబర్ చివర లభించే వర్ణపటంలో ఆ తరంగదైర్ఘ్యం వద్ద ఒక పల్లం ఏర్పడుతుంది. దీనిని లాసీ మోడ్ అనునాదం అంటారు. బయటి మాధ్యమం వక్రీభవన గుణకం పెరిగితే ఈ పల్లం అధిక తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. ఆ జరుగుదలను కొలిచి మాధ్యమంలోని మార్పును లెక్కిస్తారు. స్పెయిన్‌లోని నవార్రా పబ్లిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇండియం టిన్ ఆక్సైడ్ పూతతో ఈ పద్ధతిని వివరిస్తూ 2010లో పరిశోధన పత్రాలు ప్రచురించారు. బంగారు పూతపై కలిగే ఉపరితల ప్లాస్మాన్ అనునాదానికి ఒకే విధమైన ధ్రువణం గల కాంతి అవసరం. ఆక్సైడ్ పొరలో రెండు ధ్రువణాలతోను అనునాదం కలుగుతుంది. పొర మందాన్ని మార్చి, పల్లం ఏ తరంగదైర్ఘ్యం వద్ద ఏర్పడాలో నిర్ణయించవచ్చు.

రెండవది వర్ణ మార్పు పద్ధతి. దీనికి హైడ్రోజన్ సెన్సర్ మంచి ఉదాహరణ. టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొరపై పల్లాడియం లేదా ప్లాటినం ఉత్ప్రేరకంగా ఉంచుతారు. ఉత్ప్రేరకం హైడ్రోజన్ అణువులను పరమాణువులుగా విడగొడుతుంది. అవి ఆక్సైడ్‌లోనికి చేరగా పొర నీలి రంగుకు మారి, కాంతిని ఎక్కువగా శోషిస్తుంది. హైడ్రోజన్ తొలగి గాలి తగిలినపుడు రంగు తిరిగి తగ్గుతుంది. గాలిలో హైడ్రోజన్ ఘనపరిమాణంలో సుమారు 4 నుండి 75 శాతం వరకు ఉన్నపుడు మండగలదు. కాబట్టి 4 శాతానికి చేరకముందే లీకును గుర్తించడం అవసరం. ఫైబర్ సెన్సర్‌లో కాంతి జనకాన్ని, విద్యుత్ పరికరాలను దూరంగా ఉన్న గదిలో ఉంచి, గాజు తంతువును మాత్రమే ప్రమాద స్థలానికి చేర్చవచ్చు.

తయారీ

పూత పూయడానికి స్పటరింగ్, సోల్-జెల్ ద్రావణంలో ముంచి తీయడం, పరమాణు పొర నిక్షేపణ మొదలైన పద్ధతులు వాడతారు. ఫైబర్ గుండ్రంగా ఉండటం వలన అన్ని వైపులా ఒకే మందం రావడం కష్టం. అందుచేత స్పటరింగ్ సమయంలో ఫైబర్‌ను తిప్పుతూ ఉంటారు. మందంలో హెచ్చుతగ్గులు ఉంటే వర్ణపటంలోని పల్లం వెడల్పై, కొలతలో కచ్చితత్వం తగ్గుతుంది.

పరిమితులు

లోహ ఆక్సైడ్ ఒకే వాయువుకు కాక పలు వాయువులకు స్పందిస్తుంది. తేమ, ఉష్ణోగ్రత కూడా ఫలితాన్ని మారుస్తాయి. అందువలన పూత లేని మరొక ఫైబర్‌ను పోలికకు వాడటం, ఉష్ణోగ్రతను విడిగా కొలవడం వంటి జాగ్రత్తలు తీసుకుంటారు. క్లాడింగ్ తొలగించిన చోట ఫైబర్ సులభంగా విరుగుతుంది. వర్ణపటాన్ని నమోదు చేసే పరికరం ఖరీదు కూడా వీటి విస్తృత వాడకానికి ఒక అడ్డంకి.

ఇవి కూడా చూడండి

ఆప్టికల్ ఫైబర్
సంపూర్ణాంతర పరావర్తనం
వక్రీభవన గుణకం